బంతి ఎందుకు తప్పింది?

బాస్కెట్‌బాల్ వీడియో గేముల్లో జనం కథలు కథలుగా చెప్పుకునే ఒక గేము అసలు అంగడికే రాలేదు. దాని పేరు ఎన్‌బీఏ ఎలీట్ 11. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే అమెరికా కంపెనీ 2010 అక్టోబరులో దాన్ని అమ్మకానికి పెట్టాలనుకుంది. అప్పటిదాకా వచ్చిన గేముల్లో ఆటగాళ్ల కదలికలు చాలావరకు ముందే తయారుచేసి దాచిన ముక్కలు. మీరు బటన్ నొక్కగానే ఒక ముక్క మొదలవుతుంది, అది ముగిసేదాకా మీ మాట వినదు. ఈ పద్ధతి వద్దు, బంతినీ మనుషులనూ భౌతికశాస్త్రానికే అప్పగిద్దాం అనుకున్నారు ఎలీట్ తయారుచేసినవాళ్లు. షాట్ కొట్టాలంటే కంట్రోలర్ మీది కుడి స్టిక్‌ను నిటారుగా నెట్టాలి. అది రవ్వంత వాలితే బంతి కూడా అటే పోతుంది. కాగితం మీద చదివితే ఇంతకన్నా నిజమైన ఆట ఉండదనిపిస్తుంది.

విడుదలకు ముందు నమూనాగా ఒక డెమో వదిలారు. అందులో లేకర్స్ ఆటగాడు ఆండ్రూ బైనమ్ కోర్టు నడుమ రెండు చేతులూ బార్లా చాపి అట్లే నిలబడిపోయాడు. చుట్టూ ఆట నడుస్తోంది, ఆయన మాత్రం కదలడు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. గేము మొదట వాయిదా పడింది, తర్వాత పూర్తిగా రద్దయింది. ఆ కంపెనీ ఏటా తెచ్చే ఎన్‌బీఏ లైవ్ వరస తిరిగి మొదలయ్యేసరికి 2013 వచ్చింది.

బైనమ్ నిలబడిపోవడం ఒక ప్రోగ్రామింగ్ దోషం. అలాంటివి ఏ గేములోనైనా దొర్లుతాయి, సరిదిద్దుకుంటారు. నన్ను ఆలోచింపజేసింది దాని వెనక ఉన్న నమ్మకం. భౌతికశాస్త్రం ఎంత ఎక్కువ కలిపితే ఆట అంత నిజమవుతుందని ఆ నమ్మకం. ఈ అధ్యాయమంతా దానితో నా పేచీ. బంతి రింగులో పడినప్పుడు ఏ గేమైనా బాగానే ఉంటుంది. పడనప్పుడు, ఎందుకు పడలేదో ఆడేవాడికి తెలిస్తే ఆ గేము నిజం. తెలుసుకుని మళ్లీ ప్రయత్నించబుద్ధయితే అదే సరదా.

ముందు అసలు ఆట లెక్క చూద్దాం. రింగు నేలకు 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది. దాని లోపలి వ్యాసం 45 సెంటీమీటర్లు. బంతి వ్యాసం సుమారు 24. వింటే దాదాపు రెండు బంతులకు సరిపడా చోటున్నట్టే ఉంది. కానీ బంతి నిలువుగా దిగదు, వాలుగా వస్తుంది. వాలుగా వచ్చే బంతి వైపు నుంచి చూస్తే రింగు గుండ్రంగా ఉండదు, నొక్కేసిన కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. 45 డిగ్రీల కోణంలో దిగే బంతికి ఆ 45 సెంటీమీటర్ల చోటు 32కు తగ్గిపోతుంది. 32 డిగ్రీల కన్నా చదునుగా వచ్చిన బంతి ఇనుమును తాకకుండా నేరుగా లోపల పడటం జ్యామితికే కుదరదు. అందుకే పీఈటీ సారు ‘పైకెత్తి వెయ్యరా’ అని అరుస్తుంటాడు. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో చౌ ట్రాన్, లారీ సిల్వర్‌బర్గ్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఫ్రీ త్రోలను కంప్యూటర్ మీద లెక్కకు మించి వేయించి చూశారు. 2008లో వాళ్లు చెప్పిన మంచి షాట్ ఇది: విడిచే కోణం 52 డిగ్రీలు, బంతి సెకనుకు మూడు చుట్లు వెనక్కి తిరుగుతూ పోవాలి, గురి రింగు వెనక భాగం వైపు ఉండాలి.

ఇప్పుడు మూడు పాయింట్ల గీత దగ్గరికి వెనక్కి జరగండి. అంతర్జాతీయ కొలతలో అది 6.75 మీటర్లు. అక్కడి నుంచి 50 డిగ్రీల కోణంలో వేయాలంటే బంతికి సెకనుకు సుమారు 8.6 మీటర్ల వేగం కావాలి. గాలిలో అది ఉండేది 1.2 సెకన్లు. ఆ వేగంలో నూటికి ఒక పాలు తేడా వస్తే చాలు, బంతి దిగే చోటు సుమారు పదిహేను సెంటీమీటర్ల మేర జరిగిపోతుంది. రింగును తాకకుండా పడాలంటే ముందుకో వెనక్కో మనకున్న వెసులుబాటు ఐదారు సెంటీమీటర్లే. అంటే నూటికి ఒక పాలు తప్పు కూడా పెద్ద తప్పే. మనిషి మోకాలు, నడుము, భుజం, మణికట్టు ఏళ్ల సాధనతో దీన్ని పట్టుకుంటాయి. గేములో ఆ పనంతా చేయాల్సింది ఒక్క బొటనవేలు. దానికి అంత నేర్పు లేదు, ఉండాలనుకోవడం అన్యాయం.

అందుకని చాలా గేములు ఒక ఉపాయం పన్నాయి. బంతి చేతి నుంచి విడిచిన క్షణంలోనే అది పడుతుందా పడదా అన్నది తేలిపోతుంది. మీరు బటన్ వదిలిన సమయం, ఆ ఆటగాడి నైపుణ్యం, రింగుకున్న దూరం, ఎదుటివాడి చెయ్యి ఎంత దగ్గరగా ఉంది అన్నవన్నీ కలిపి ఒక సంభావ్యత లెక్కకడతారు. ఫలితం తేలాక దానికి తగిన దారిని బంతికి గీస్తారు. తెర మీద మీరు చూసే వంపు ఒక రకంగా ముందే రాసిపెట్టిన కథ. ఇది తెలిసినప్పుడు కొందరు పిల్లలు మోసపోయామన్నట్టు మొహం పెడతారు. నేను మోసం అనను. అయితే ఒక షరతు. ఆ కథ మీ తప్పును దాచకూడదు. తొందరపడి వదిలితే బంతి రింగు ముందే పడాలి, ఆలస్యమైతే వెనక ఇనుమును తగలాలి. ఎన్‌బీఏ 2కే గేముల్లో షాట్ వేసిన వెంటనే ‘కొంచెం తొందర’, ‘ఆలస్యం’ అని అర్థమొచ్చేలా తెర మీద ఒక మాట పడుతుంది. అందులో నాకు బాగా నచ్చేది ఆ చిన్న మాటే. మెరిసే చెమట బొట్ల కన్నా దాని విలువ ఎక్కువ.

ఆ 2కే వాళ్లు కూడా ఒకసారి ఎలీట్ దారి పట్టారు. 2020లో వచ్చిన 2కే21లో స్టిక్‌తో ఎడమకూ కుడికీ గురిచూసి వేయాలన్నారు. మామూలుగా ఆడేవాళ్లకు షాట్లు పడటం మానేశాయి. గొడవ లేచింది. కొద్దిరోజుల్లోనే తేలిక స్థాయిల్లో షాట్లను సులభం చేస్తూ సవరణ వచ్చింది.

ఇక నేల సంగతి. కర్నూలు, కడప పాఠకులకు ఇది ఇంట్లోనే తేల్చుకోగల శాస్త్రం. బేతంచెర్ల బండలో, కడప నల్లబండలో పరిచిన వరండా ఉంటే బంతి కొట్టి చూడండి. కింద మట్టి గట్టిగా కూరుకున్న బండ మీద బంతి చక్కగా లేస్తుంది. కింద బోలుగా ఉన్న బండ మీద సగానికే లేచి, ‘డుబ్’మని వేరే చప్పుడు చేస్తుంది. బంతి తెచ్చిన శక్తిలో కొంత ఆ బండను ఊపడానికే ఖర్చయిపోయింది మరి. ఎన్‌బీఏ కోర్టులు దాదాపు అన్నీ మేపుల్ చెక్కతో చేసినవి. పాత బోస్టన్ గార్డెన్ చెక్కనేలలోనూ బంతి చచ్చిపోయే చోట్లు అక్కడక్కడ ఉండేవని, వాటి ఆనుపానులు సొంత జట్టు సెల్టిక్స్‌కు బాగా తెలుసనీ ఒక ప్రతీతి ఉంది. మన వరండాల్లో అది ప్రతీతి కూడా కాదు, రోజూ కాలికి తగిలే నిజం.

సరిగ్గా గాలి నింపిన బంతిని 1.8 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే మీటరుకు కాస్త పైదాకా లేస్తుంది. అంటే నేలను తాకిన వేగంలో నూటికి 76, 77 పాళ్లు తిరిగొచ్చినట్టు. గేములో ఈ సంగతంతా 0.77 లాంటి ఒకే అంకె. దాన్ని 0.7 చేస్తే ఆడేవాడికి ఏం తేడా వచ్చిందో చెప్పలేకపోయినా ‘బంతి బరువెక్కింది’ అనిపిస్తుంది. 0.85 చేస్తే రబ్బరు బంతితో ఆడినట్టుంటుంది. చెయ్యి అంత తెలివైనది. నోటికి మాట దొరక్కముందే తేడా పట్టేస్తుంది.

ఇప్పుడు ఆ అంకెను మే నెల కర్నూలుకు తీసుకురండి. పొద్దున నీడలో 20 డిగ్రీల దగ్గర 8 పీఎస్‌ఐ గాలి నింపిన బంతి ఉందనుకుందాం. (మేలో కర్నూలులో 20 డిగ్రీలు ఎక్కడివని అడక్కండి, ఏసీ గది అనుకోండి.) దాన్ని 45 డిగ్రీల ఎండలో సిమెంటు కోర్టు మీద పెడితే లోపలి గాలి వేడెక్కి పీడనం పెరుగుతుంది. కెల్విన్ లెక్కలో 293 నుంచి 318కి పోయినట్టు. బయటి వాతావరణ పీడనాన్ని కూడా కలుపుకుని లెక్కేస్తే గేజీలో 8 ఉన్నది 10కి దగ్గరపడుతుంది. బంతి గట్టిపడి ఎగిరెగిరి పడుతుంది. మధ్యాహ్నం ఆడే పిల్లవాడికి డ్రిబుల్ చేతికి చిక్కకపోవడంలో వాడి తప్పు సగమే.

గాలి వీస్తే ఇంకా కష్టం. మూడు పాయింట్ల షాట్ గాలిలో ఉన్న ఆ 1.2 సెకన్లలో, పక్క నుంచి సెకనుకు రెండు మీటర్ల వేగంతో వీచే చిన్న గాలి కూడా బంతిని దాదాపు పాతిక సెంటీమీటర్లు నెట్టేస్తుంది. అది ఆకులు కదిలించే గాలి, అంతే. రింగు మధ్య నుంచి పక్కకు మనకున్న వెసులుబాటు పది, పదకొండు సెంటీమీటర్లని గుర్తుంచుకోండి. బాస్కెట్‌బాల్ పైకప్పు కింద ఎందుకు పెరిగిందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ దీన్ని కనిపెట్టిందే మంచుకాలంలో లోపల ఆడుకోవడానికి.

మన కోర్టు మీద గేము తయారుచేస్తే ఈ గాలినీ, వేడినీ, సిమెంటు మీద పేరుకున్న ఇసుకనూ పెట్టాలా? అన్నీ పెట్టడం నిజాయితీ అనిపిస్తుంది. నేనైతే ఒక్క ప్రశ్న అడుగుతాను: ఆడేవాడికి అది కనిపిస్తుందా? గోల్ఫ్ గేముల్లో గాలి ఎటు వీస్తోందో, ఎంత వేగంతో వీస్తోందో తెర మీద చూపిస్తారు. అందుకే అక్కడ గాలి ఆటలో భాగమై, దాన్ని అంచనా కట్టడమే సరదాగా మారింది. మన గేములోనూ కోర్టు పక్క వేపచెట్టు ఊగాలి, దుమ్ము ఒక పక్కకు లేవాలి. అప్పుడు షాట్ పక్కకు పోతే ‘గాలి చూసుకోలేదే’ అని ఆడేవాడు తననే తిట్టుకుంటాడు. చెట్టు ఊగకుండా బంతి ఒక్కటే పక్కకు పోతే గేమును తిడతాడు. లెక్క రెండింటిలోనూ ఒకటే, ఒకదాన్ని ఆడతారు, రెండోదాన్ని తీసి పక్కన పెడతారు.

వేడికి కూడా ఇదే నియమం. పొడి ఎండలో చెమట పుట్టింది పుట్టినట్టే ఆరిపోతుంది. కాబట్టి ఒంట్లో నీరు ఎంత పోయిందో మనకే తెలియదు, కాళ్లు బరువెక్కాకే తెలుస్తుంది. గేములో అలసటను ఒక పట్టీగా గీసి, అది తగ్గేకొద్దీ పరుగు మందగించేలా చేస్తారు. ప్లేస్టేషన్ 5 కంట్రోలర్‌తో 2కే21 ఇంకో అడుగు ముందుకేసింది. ఆటగాడు అలిసిపోయేకొద్దీ పరుగు తీయించే మీట బిగుసుకుపోతుంది. వేలికి నిజంగానే బరువు తగులుతుంది. కంటికి చూపించాల్సిన దాన్ని చర్మానికి చెప్పారు. ఈ మధ్య కాలంలో వచ్చిన మెరుగుల్లో దీన్ని నేను ముందు పెడతాను.

కాలం దగ్గరికి వద్దాం. తెర సెకనుకు అరవై బొమ్మలు చూపిస్తుంది. బొమ్మకూ బొమ్మకూ నడుమ 17 మిల్లీసెకన్లకు కాస్త తక్కువ. రింగు దగ్గరికొచ్చే బంతి వేగం సెకనుకు ఏడున్నర మీటర్లు. అంటే ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు అది పన్నెండున్నర సెంటీమీటర్లు దూకేస్తుంది. రింగు ఇనుప కమ్మీ మందం రెండు సెంటీమీటర్లు కూడా మించదు. కాబట్టి బొమ్మకొకసారి మాత్రమే లెక్క కడితే, తాకిన క్షణం కంప్యూటర్ కంటపడదు. బంతి అప్పటికే ఇనుములోకి దూరిపోయి ఉంటుంది, దాన్ని ఎటు తోయాలో తెలియక అడ్డదిడ్డంగా విసిరేస్తుంది. అందుకే బొమ్మకూ బొమ్మకూ మధ్య లెక్కను మళ్లీ చిన్న చిన్న అంచెలుగా చేస్తారు. రింగు మీద బంతి రెండుసార్లు ఎగిరి, ఊరించి, లోపలికి జారే ఆ అందమంతా తెర మీదికి రాని ఈ అంచెల పుణ్యమే.

ఆన్‌లైన్‌లో ఆడితే ఇంకో చిక్కు. ‘కరెక్టుగా వదిల్నా గదరా, ఎట్ల పోయింది?’ అని కడప పిల్లవాడు అంటే, పక్కనున్నవాడు ‘లాగ్ మామా’ అని తేల్చేస్తాడు. చాలాసార్లు వాడు చెప్పింది నిజమే. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. కడప నుంచి సింగపూర్ సర్వరుకు పోయి రావాలంటే, తీగ గీత గీసినట్టు తిన్నగా ఉన్నా, ముప్పై మిల్లీసెకన్లు పడుతుంది. సర్వరు అమెరికాలో ఉంటే నూట నలభై. అంటే ఎనిమిది బొమ్మల కాలం. షాట్ సరిగ్గా వదలాల్సిన అదను కొద్ది బొమ్మలే కదా, వేలు అదను పట్టినా వార్త ఆలస్యంగా చేరుతుంది. ఇది కంపెనీ తప్పు కాదు, ఐన్‌స్టీన్‌తో పేచీ పెట్టుకోలేం. అయితే సర్వరు ముంబయిలోనో చెన్నైలోనో పెట్టడం మాత్రం కంపెనీ చేతిలో పనే.

కదలికల విషయంలో గేములవాళ్లు చాలా దూరం వచ్చారు. 1978లో అటారీ 2600 కన్సోల్ కోసం అలన్ మిల్లర్ రాసిన బాస్కెట్‌బాల్ గేములో ఇద్దరే ఆటగాళ్లు, వాళ్లూ పుల్లల బొమ్మలే. ఇప్పుడు నిజం ఆటగాళ్లకు గుర్తులు అంటించి చుట్టూ కెమెరాలు పెట్టి కదలికలు పట్టుకుంటున్నారు. 2023లో వచ్చిన 2కే24 అయితే నిజం మ్యాచుల వీడియోల నుంచే కదలికలను తీసుకోవడం మొదలుపెట్టింది. ముఖాలు, పచ్చబొట్లు, చొక్కా ముడతలు అన్నీ అచ్చు దిగుతున్నాయి. అయినా ఏదో తేడా కొడుతుంటుంది. మసాహిరో మోరి అనే జపాన్ శాస్త్రజ్ఞుడు 1970లోనే ఈ సంగతి పట్టుకున్నాడు. బొమ్మ మనిషికి దగ్గరయ్యేకొద్దీ మనకు నచ్చుతుంది, మరీ దగ్గరయ్యాక ఒక చోట ఆ ఇష్టం లోయలోకి జారినట్టు పడిపోయి, హఠాత్తుగా జుగుప్స కలిగిస్తుంది. మన నిమ్మలకుంట తోలుబొమ్మలు ఆ లోయ అంచుకు కూడా పోవు. పక్కకు తిరిగిన మొహం, కీళ్ల దగ్గర ముళ్లు, అంతే. కానీ ఆడించేవాడు మోచేతిని ఎప్పుడు ఎత్తాలో, అడుగు ఎప్పుడు ఆనించాలో ఎరిగినవాడు. కాబట్టి తెర మీద హనుమంతుడు ఎగిరితే ఎగిరినట్టే ఉంటుంది.

గేములోనూ అడుగే గుట్టు. పాదం నేల మీద ఆనినప్పుడు ఆనినచోటే ఉండాలి. అది సెంటీమీటరు జారినా ఆటగాడు ఐసు మీద నడుస్తున్నట్టు కనిపిస్తాడు. ఎంత మంచి ముఖం గీసినా ఆ తప్పు కప్పబడదు. ఏడడుగుల మనిషి పరుగెడుతూ ఉన్నట్టుండి వెనక్కి తిరగాలంటే ముందు ఒక కాలిని అడ్డుపెట్టి ఆపుకోవాలి, ఆ తర్వాతే తిరగాలి. గేము ఆ కాస్త ఆలస్యం పెడితే బరువు తెలుస్తుంది. మరీ ఎక్కువ పెడితే, నొక్కినా పలకని గేమవుతుంది. ఈ రెంటి నడుమ ఎక్కడ ఆగాలో చెప్పే సూత్రం లేదు. కూర్చుని ఆడి, మార్చి, మళ్లీ ఆడి చూడాల్సిందే.

ఇప్పుడు అదృష్టం గురించి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

1993లో మిడ్‌వే కంపెనీ నాణేలు వేసి ఆడే ఎన్‌బీఏ జామ్ అనే గేము తెచ్చింది. జట్టుకు ఇద్దరే. మనుషులు రింగుకు రెండింతల ఎత్తు ఎగిరి, గాల్లో పల్టీలు కొట్టి డంక్ చేస్తారు. నిజమన్న మాటే లేదు. అయినా దాన్ని ఆడినవాళ్లు నేటికీ మరిచిపోలేదు. అందులో ఒకే ఆటగాడు వరసగా మూడు షాట్లు వేస్తే వాడికి ‘నిప్పంటుకుంటుంది’. బంతి మండుతూ పోతుంది, ఇక ఏది వేసినా దాదాపు పడుతుంది. ఊపు మీదున్న ఆటగాడు ఆపకుండా వేస్తాడన్న జనం నమ్మకాన్నే గేములో నియమం చేశారు.

ఆ నమ్మకం నిజమేనా? 1985లో థామస్ గిలోవిచ్, రాబర్ట్ వలోన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే ముగ్గురు ఫిలడెల్ఫియా జట్టు షాట్ల లెక్కలు తీసి, ఊపు అనేది లేదని, అంతా మన భ్రమేనని తేల్చారు. ముప్పై ఏళ్లకు పైగా పాఠ్యపుస్తకాలు ఆ మాటే చెప్పాయి. 2018లో జాషువా మిల్లర్, ఆడమ్ సాన్‌హుర్హో అనే ఇద్దరు ఆ లెక్కలోనే ఒక లొసుగు చూపించారు. దాన్ని మీరే పరీక్షించుకోవచ్చు. నాణేన్ని మూడుసార్లు ఎగరేయండి. బొమ్మ పడిన వెంటనే తర్వాతిసారి ఏం పడిందో రాసుకుని, అందులో మళ్లీ బొమ్మే పడిన పాళ్లు ఎంతో చూడండి. మూడుసార్లు ఎగరేస్తే ఎనిమిది వరసలు సాధ్యం. వాటిలో రెండింటిలో లెక్కకు పనికొచ్చే బొమ్మే ఉండదు. మిగిలిన ఆరింటి పాళ్లు కూడి సగటు తీస్తే సగం రాదు, పన్నెండింట ఐదు వంతులే వస్తుంది. అంటే చిన్న వరసల్లో ఇలా చూస్తే, ఏ ఊపూ లేని నాణెం కూడా బొమ్మ తర్వాత బొరుసు వైపే మొగ్గినట్టు కనిపిస్తుంది. పాత పరిశోధకులు తమ ఆటగాళ్లను పోల్చిన కొలబద్దే వంకరది. దాన్ని సరిచేస్తే ఊపు కొంత ఉన్నట్టే తేలింది. ఎన్‌బీఏ జామ్ చూపించినంత కాదు లెండి, బంతికి నిప్పంటుకునేంత అసలే కాదు.

ఆ గేములో ఇంకో రహస్యం ఉంది. వెనకబడిన జట్టుకు గేము లోపల్లోపల సాయం చేస్తుంది, మ్యాచు చివరిదాకా బిగువుగా సాగాలని. దాన్ని రూపొందించిన మార్క్ టర్మెల్ డెట్రాయిట్ పిస్టన్స్ అభిమాని. పిస్టన్స్‌కూ చికాగో బుల్స్‌కూ మధ్య పోటాపోటీ మ్యాచు చివరి క్షణాల్లో బుల్స్ షాట్లు తప్పిపోయేలా ఆయన కోడు రాశాడు. తర్వాత తానే ఒప్పుకున్నాడు. వింటే నవ్వొస్తుంది, బుల్స్ తరఫున ఆడి నాణేలు పోగొట్టుకున్నవాడికి మాత్రం కాదు. రహస్య సాయం దొరికిపోయిందంటే గెలిచినవాడి గెలుపూ తేలిపోతుంది. నా ఓటు బహిరంగ సాయానికి: నిప్పంటుకుంటే అందరికీ కనిపిస్తుంది, దాన్ని ఆర్పే మార్గమూ ఎదుటివాడికి ఉంటుంది.

అంకెల పోలిక ఒకటి చెప్పి ముందుకు పోదాం. ఎన్‌బీఏలో మామూలు షాట్లు నూటికి 46, 47 పడతాయి, మూడు పాయింట్లవి 36 దాకా. మీరు ఆడే గేములో మూడు పాయింట్లవి నూటికి అరవై పడుతుంటే, మీరు గొప్పవారని సంబరపడకండి, కష్ట స్థాయిని పెంచండి.

కంప్యూటర్ ఆడించే ప్రత్యర్థుల కథ విచిత్రం. కంప్యూటర్‌కు కోర్టులో ప్రతి చెయ్యీ ఎక్కడుందో అదే క్షణంలో తెలుసు. వదిలేస్తే మీ ప్రతి పాసునూ మధ్యలో పట్టేస్తుంది. కాబట్టి దాన్ని తెలివైనదాన్ని చేయడం కన్నా మనిషిలా తెలివితక్కువదాన్ని చేయడమే పెద్ద పని. కంటికి కనిపించిన దానికి మనిషి చెయ్యి కదలడానికి ఐదో వంతు సెకను పడుతుంది. ఆ ఆలస్యాన్ని కంప్యూటర్ ఆటగాడికీ పెడతారు. చూపు పక్కకు మళ్లినప్పుడు బంతి పోయిన సంగతి తెలియనట్టు చేస్తారు. అప్పుడే మీరు కళ్లతో ఒకవైపు చూసి ఇంకోవైపు పాస్ ఇస్తే వాడు మోసపోతాడు. మోసపోయే ప్రత్యర్థి లేని ఆట ఎవరికి కావాలి?

డబ్బు సంగతి చెప్పకుండా ఈ అధ్యాయం ముగించడం తప్పవుతుంది. ఇప్పటి గేముల్లో పెద్ద ఆటగాళ్లను కార్డు ప్యాకుల్లో పెట్టి అమ్ముతారు. ఏ ప్యాకులో ఎవరున్నారో తెలియదు. బెల్జియం ప్రభుత్వం 2018లోనే ఇలాంటి ప్యాకులను జూదం కింద లెక్కగట్టింది. నేను ఇంతసేపూ చెప్పిన కొలతతో చూస్తే ఇవి అసలు ఆటే కావు. షాట్ తప్పితే ఎందుకు తప్పిందో తెలుస్తుంది, దిద్దుకోవచ్చు. ప్యాకులో మంచి కార్డు రాకపోతే తెలుసుకునేదీ లేదు, దిద్దుకునేదీ లేదు. మళ్లీ కొనడం ఒక్కటే మిగులుతుంది. పిల్లల చేతికి ఫోనిచ్చేముందు అందులో డబ్బు చెల్లించే దారి మూసేయండి.

కర్నూలు జగన్నాథగట్టు మీద ట్రిపుల్ ఐటీడీఎం ఉంది. ఇడుపులపాయలో ఆర్‌జీయూకేటీ ఉంది. కంప్యూటర్ నేర్చిన సీమ పిల్లలకు కొదవలేదు. గొడో లాంటి గేము ఇంజన్లు ఉచితంగా దొరుకుతాయి. బంతి వంపు, సిమెంటు నేల, వేడెక్కిన గాలి, ఊగే వేపచెట్టు, ఈ నాలుగింటితో ఒక రింగు, ఒక ఆటగాడు ఉన్న చిన్న గేము రాయడానికి సెలవులు చాలు. జట్లు, ముఖాలు, కామెంటరీ తర్వాత చూసుకోవచ్చు. రాయాలనుకునేవాళ్లు ముందు బంతి తప్పే విధానం రాయండి, పడే విధానం దానంతటదే వస్తుంది.

ఇక కొనేవాళ్లకు ఒక చిన్న పరీక్ష. ముందు ఉచిత డెమోనో, స్నేహితుడి ఇంట్లోనో ఆడి చూడండి. బటన్ ఎప్పుడు వదలాలో చూపే షాట్ మీటరు గుర్తును సెట్టింగుల్లో ఆపేసి, వరసగా ఫ్రీ త్రోలు వేయండి. తప్పిన ప్రతిసారీ ఎందుకు తప్పిందో గేము చెప్పకముందే మీరు పైకి చెప్పండి. కాసేపటికి మీ మాట నిజమవుతూ వస్తే ఆ గేము కొనొచ్చు. ఎంతసేపు ఆడినా కారణం అంతుపట్టకపోతే, బొమ్మలు ఎంత మెరుస్తున్నా దానికి డబ్బు పెట్టకండి.